ధరావతు తిరిగి యిచ్చుటకు ముందు: బొగ్గు తీసిన నేలను పరీక్షించు విధము

ప్రయోగశాలలో పని చేయు విద్యార్థి సంవత్సరారంభమున కొంత సొమ్ము ధరావతుగా చెల్లించుట పెక్కు పాఠశాలలలో వాడుక. సంవత్సరాంతమున ఉపాధ్యాయుడు గాజునాళికలను లెక్కించి, పగిలినవాని వెలను మినహాయించుకొని, మిగిలినది తిరిగి యిచ్చును. పగిలిన నాళిక కంటికి కనబడును గావున ఈ లెక్క సులభము. అయితే ఒక కంపెనీవారు వందలకొలది యెకరముల నేలను త్రవ్వి, అందలి బొగ్గును తీసికొని, గోతిని మరల పూడ్చి, "నేల యెప్పటివలెనే యున్నది, మా ధరావతు మాకిండు" అని యడిగినచో, లెక్క చూచువా డేమి చూడవలెను? నేలకు తగిలిన దెబ్బ ఆ దినముననే కనబడునా? ఈ ప్రశ్నకు అమెరికా సంయుక్త రాష్ట్రములవారు చట్టరూపమున చెప్పుకొనిన సమాధానమును మా చదువరులకు తెలుపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

బొగ్గును తీయుటకు రెండు మార్గములు కలవు. నేలలోనికి దిగి సొరంగములు త్రవ్వుట యొకటి. బొగ్గుపొర పైపైననే యున్నచో, దానిమీది మన్నును రాతిని బొత్తిగా తొలగించి, ఆరుబయటనే బొగ్గు నెత్తుకొనుట రెండవది. మన గోదావరి లోయలోని గనులయందు దీనిని ఓపెన్‌కాస్టు అందురు. అమెరికాలో తూర్పున అపలేచియను కొండలయందును, పడమట వయోమింగు రాష్ట్రములోని పౌడరు నదీప్రాంతమునందును ఈ రెండవ పద్ధతి విస్తారముగా నున్నది. మనుష్యులు చీకటిలోనికి దిగి ప్రాణములు పోగొట్టుకొనుట దీనియందు తక్కువ. కాని నేల పడు పాటు ఎక్కువ.

1977వ సంవత్సరమునకు పూర్వము ఆ దేశమున ఈ విషయమై రాష్ట్రమున కొక తీరు చట్టము, కొన్నియెడల పేరునకు మాత్రమే చట్టము ఉండెను. కొండప్రక్కను చీల్చి బొగ్గు తీసికొని, మన్నును క్రింది లోయలోనికి త్రోసి, నిట్టనిలువు గోడవంటి కోతను అట్లే విడిచిపోయినవారు పెక్కుమంది. ఆ గోడలు కొండల నడుమున మైళ్ల పొడవున నిలిచిపోయినవి. వాటి క్రింది వాగులలో నీరు నారింజపండు రంగున పారెను. 1972 ఫిబ్రవరి 26వ తేదీన పశ్చిమ వర్జీనియాలోని బఫెలో క్రీకు అనుచోట, గని మడ్డినీటిని నిలిపిన కట్ట తెగి 125 మంది మరణించిరి. ఆ దుర్ఘటన ధరావతునకు సంబంధించినది కాదు. అయినను గనులవారిని వారి యిష్టమునకు విడిచిపెట్టరాదను అభిప్రాయమును అది బలపరచెను. 1974లోను 1975లోను శాసనసభలు ఆమోదించిన బిల్లులను అధ్యక్షుడు ఫోర్డుగారు తిరస్కరించిరి. తుదకు 1977 ఆగస్టు 3వ తేదీన అధ్యక్షుడు కార్టరుగారు సంతకము చేయగా, ఉపరితల గనుల నియంత్రణమునకును నేల పునరుద్ధరణమునకును సంబంధించిన చట్టము ఏర్పడెను.

ఆ చట్టములో మాకు ముఖ్యముగా తోచినది పూచీ సంగతి. గని త్రవ్వుటకు అనుమతి పొందకముందే కంపెనీ పూచీ చూపవలెను. ఆ మొత్తమును నిర్ణయించు పద్ధతి గమనింపదగినది. కంపెనీ తానే పూడ్చుకొన్నచో ఎంత వ్యయమగునని యడుగరు. కంపెనీ దివాలాతీసి పోయినచో, ప్రభుత్వమువారు వేరొక కంట్రాక్టరును పిలిచి ఆ పని చేయించుటకు ఎంత కావలెనో అంత మొత్తము నిర్ణయింతురు. కంపెనీ యంత్రములు గనియొద్దనే యుండును. క్రొత్తవాడు తన యంత్రములను దూరమునుండి తెచ్చుకొనవలెను. కావున రెండు లెక్కలకును భేదము చాల యుండును. ఎంత చిన్న గనియైనను పూచీ 10,000 డాలర్లకు తగ్గరాదు. ఆ పూచీని రొక్కముగా బ్యాంకులో నుంచవచ్చును, పూచీకంపెనీచేత వ్రాయించవచ్చును. "మా ఆస్తియే మాకు పూచీ" యని గొప్ప కంపెనీలు తామే వ్రాసియిచ్చు పద్ధతి మూడవది. ఈ మూడవదానిని గూర్చి తరువాత చెప్పెదము.

సొమ్మంతయు ఒక్కసారి తిరిగి రాదు. మూడు మెట్లు కలవు. గోతిని పూడ్చి, నేలకు రూపు దిద్ది, నీరు పోవు దారులు ఏర్పరచిన పిమ్మట మొదటి మెట్టు. అప్పుడు నూటికి 60 వంతుల వరకు విడుదల చేయవచ్చును. పైమన్ను పరచి విత్తిన పచ్చిక నిలద్రొక్కుకొని, అచ్చటినుండి పోవు నీటిలో మితిమించిన మడ్డి లేనప్పుడు రెండవ మెట్టు. ఆ పచ్చిక చచ్చినచో మరల విత్తించుటకు చాలినంత సొమ్మును మాత్రము నిలిపియుంచి, మిగిలినది ఇత్తురు. మూడవ మెట్టు చేరుటకు కాలము గడువవలెను. సంవత్సరమునకు 26 అంగుళములకు మించి వర్షము పడుచోట 5 సంవత్సరములు. 26 అంగుళములు గాని అంతకు తక్కువ గాని పడుచోట 10 సంవత్సరములు. మన అనంతపురము ఆ దేశముననే యున్నచో పది సంవత్సరముల పట్టికలో చేరియుండును.

ఈ సంవత్సరములను లెక్కించుటలో నొక కిటుకు కలదు. విత్తనము చల్లిన దినమునుండి గాక, చివరిసారి గట్టి సహాయము చేసిన సంవత్సరము ముగిసిన తరువాత గడియారము కదలును. నాలుగవయేట పచ్చిక పలుచబడినదని మరల విత్తి యెరువు వేసినచో లెక్క మొదటికి వచ్చును. పథ్యము మాని, మందు మాని, తన కాళ్లపై తాను నిలిచినప్పుడే గదా రోగికి నెమ్మదించినదని వైద్యుడు చెప్పును! నేల విషయమునను అట్లే యెంచిరి.

ఇక తనిఖీ. విడుదల కోరు కంపెనీ దరఖాస్తు పెట్టుటతో సరిపోదు. ఆ ప్రాంతమున చదువబడు వార్తాపత్రికలో వారమున కొకసారి చొప్పున నాలుగు వారములు ప్రకటన వేయవలెను. ఏ నేల, ఎన్ని యెకరములు, ఎంత పూచీ, అందెంత విడుదల కోరుచున్నారు, ఏమేమి పని చేసిరి అనునవి అందుండవలెను. ప్రక్క భూముల యజమానులకును, స్థానిక సంస్థలకును, నీటి సరఫరావారికిని ఉత్తరములు పోవలెను. ఆక్షేపణ గలవారు చివరి ప్రకటన తరువాత 30 దినములలో వ్రాసి పంపవచ్చును, సభ పెట్టుమని కోరవచ్చును. దరఖాస్తు చేరిన 30 దినములలో తనిఖీ జరుగవలెను. మంచు కప్పియున్నచో అది కరగువరకు ఆగుదురు. మంచు క్రింద నేల యెట్లున్నదో యెవరు చెప్పగలరు? ఆ దినము రమ్మని నేల యజమానునికి కబురు పంపుదురు. అతడు తనిఖీదారుతో కూడ నడచి చూడవచ్చును. ఈ యేర్పాటు మాకు చాల నచ్చినది. ఏ వానకు ఏ మూల నీరు నిలుచునో పొలముగలవానికి తెలిసినట్లు పటము చేతబట్టుకొని వచ్చినవానికి తెలియదు.

తనిఖీదారు ఆ నేలకు కేవలము క్రొత్తవాడును గాడు. గని నడచుచున్నంత కాలము నెలకొక చిన్న తనిఖీయు, మూడు నెలల కొక పూర్తి తనిఖీయు ముందుగా చెప్పకయే చేయవలెనని చట్టము. పాత తనిఖీల కాగితములన్నియు అతనియొద్ద నుండును. గని వ్యాపారమున అతనికి గాని, ఆ కార్యాలయమున ఆ చట్టమును నడపు మరియొకనికి గాని లాభభాగ ముండరాదు. ఉన్నట్లు తేలినచో జుల్మానాయు కారాగృహమును కలవు.

మొదట చూచునది నేల రూపు. త్రవ్వకమునకు పూర్వపు ఎత్తుపల్లముల పటమును ఇప్పటి పటముతో పోల్చును. ప్రతి గుట్టయు అంగుళము తేడాలేక ఉండనక్కరలేదు. పూర్వపు నేల పోలిక రావలెను, చుట్టుప్రక్కల కొండలతో అతుకు తెలియక కలిసిపోవలెను. నిట్టగోడ యెచ్చటను మిగిలియుండరాదు. ఏటవాలు ప్రక్కలను వాలుకొలత పనిముట్టుతో చూచును. వాలు మధ్య నిలువున చీలికలు కనబడినచో, పూడ్చిన మన్ను జారుచున్నదని అనుమానించును. వాననీరు కోసిన చాళ్లు ఉన్నచో, అవి మానిన పాతకోతలా, లేక ప్రతి వానకు పెరుగుచున్నవా యని చూచును. చాలు అడుగున గడ్డి మొలచినచో శుభము. అడుగున పచ్చి మన్ను మెరయుచున్నచో అశుభము. నిలుపుటకు అనుమతిలేని మడ్డికుంటలు, బాటలు, కల్వర్టులు తీసివేసిరా? నిలుపదలచిన చెరువు కట్ట గట్టిగా నున్నదా? యజమానుడు ఆ చెరువును కోరి వ్రాసియిచ్చెనా?

తరువాత పచ్చిక. "బాగుగా పెరిగినది" అను మాట చాలదు, కొలిచి చూపవలెను. నేలమీద త్రాడు సాగలాగి, దానిపై సమదూరమున గుర్తించిన ప్రతి చోటను సూదివంటి దానిని దింపి, దాని మొన మొక్కకు తగిలెనా, ఎండుటాకునకు తగిలెనా, వట్టి మన్నునకు తగిలెనా యని వ్రాసికొందురు. త్రాడు ఎచ్చట పరచవలెనో తనిఖీదారు కన్ను గాని కంపెనీవాని కన్ను గాని నిర్ణయింపరాదు. చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగా నిర్ణయింతురు. లేనిచో ఒకడు పచ్చని చోటులే యేరుకొనును, మరియొకడు బోడిచోటులే యేరుకొనును. త్రవ్వని పొరుగు నేల నొకదానిని గాని, ముందుగా అంగీకరించిన ప్రమాణమును గాని పోలికకు తీసికొందురు. క్రొత్త నేల అందు నూటికి 90 వంతులకు తగ్గరాదు. పొరుగు నేలయందు నూరు సూదులలో 80 మొక్కకు తగిలినచో, ఇచ్చట 72 తగులవలెను. ఇరువది త్రాళ్లను చూచి వేయి యెకరములను గూర్చి చెప్పుచున్నారు గావున, ఆ లెక్కయందు నూటికి 90 వంతుల నమ్మకము కూడ ఉండవలెనని గణితశాస్త్ర నియమము పెట్టిరి. గణితము నిత్యజీవితమున దేనికి పనికివచ్చునని మా తరగతులలో అడుగు బాలురు ఈ మాటను గుర్తుంచుకొందురు గాక.

వర్షము తక్కువగాగల ప్రాంతములలో రెండు సంవత్సరములు ఈ కొలత నెగ్గవలెను. ఒక మంచి వానయేట ఎడారియు పచ్చబడును. అందుచేత ఒక్క యేటి సాక్ష్యమును నమ్మరు. ఇల్లినాయి వంటి రాష్ట్రములలోని శ్రేష్ఠమైన సేద్యపు భూమి విషయమై మరింత కఠినులు. అచ్చట గడ్డి మొలచినంతమాత్రమున లాభము లేదు. కనీసము మూడు పంటలయేండ్లు నిజముగా సేద్యముచేసి, దిగుబడి పూర్వమువలెనే వచ్చినదని చూపవలెను.

ఈ పచ్చిక కొలతలో ఒక విపరీతము దాగియున్నది. కొలుచునది పచ్చికయైనచో, కంపెనీ పచ్చికనే పెంచును. 1977 తరువాత అపలేచియను కొండలలో జరిగిన దిదియే. నేల జారరాదని బరువైన యంత్రములను మాటిమాటికి నడిపి మన్నును రోడ్డువలె అణగద్రొక్కిరి. దానిపై త్వరగా అల్లుకొను ఫెస్క్యూ గడ్డిని దట్టముగా విత్తిరి. తనిఖీదారు వచ్చెను, చూచెను, పచ్చగా నున్నదని వ్రాసెను. అతడు తప్పు వ్రాయలేదు. కాని పూర్వ మచ్చట ఉండినది ఓకు మొదలగు మహావృక్షముల అడవి. గట్టిపడిన మన్నులో చెట్టు వేరు దిగలేదు. దట్టమైన గడ్డి మొలకకు నీరును వెలుతురును దక్కనీయలేదు. గడ్డిలో దాగిన ఎలుకలు లేత మానుల బెరడును కొరికివేసెను. చట్టమునకు పూర్వము నిర్లక్ష్యముగా కుప్పలు పోసి విడిచిన మన్నులో చెట్లు బాగుగా పెరుగుటయు, చట్టముప్రకారము చక్కగా చదునుచేసిన నేలలో పెరుగకపోవుటయు చూచి శాస్త్రజ్ఞులే విస్మయపడిరి.

దీనిని సవరించుటకు 2004లో ప్రభుత్వోద్యోగులును, విశ్వవిద్యాలయములవారును, గనులవారును కలిసి అపలేచియను ప్రాంతమున ఒక ప్రయత్న మారంభించిరి. చెట్లు నాటదలచినచోట కనీసము నాలుగడుగుల లోతున మన్నును వదులుగా విడువుమనియు, పైన యంత్రమును తిప్పవద్దనియు, గడ్డిని పలుచగా విత్తుమనియు, అడవికి ముందు వచ్చు చెట్లను, కలపకు పనికివచ్చు చెట్లను కలిపి నాటుమనియు వారి బోధ. అట్టి నేల మొదటి రెండు మూడేండ్లు గరుకుగా, రాళ్లతో, చూచుటకు వికారముగా నుండును. అదియే మంచి పనియని నమ్ముటకు తనిఖీదారు తన కంటికి క్రొత్త చదువు నేర్పుకొనవలసి వచ్చెను. చెట్ల లెక్కయందును నియమము కలదు. లెక్కకు వచ్చు ప్రతి చెట్టును కనీసము రెండు ఋతువులు ఆ చోటనే పెరిగియుండవలెను. నూటికి 80 చెట్లు గడువు కాలములో అయిదింట మూడు వంతులు నిలిచియుండవలెను. తనిఖీకి వారము ముందు నాటిన మొక్కలు లెక్కకు రావు.

అన్నిటికంటె కష్టమైనది నీరు. బొగ్గుపొరల మీది రాతిలో పలుచోట్ల పైరైటు అను ఖనిజ ముండును. అది ఇనుమును గంధకమును కలిసినది. నేలలోతున గాలి తగులనంత కాలము అది నిద్రించును. పగులగొట్టి కుప్పపోయగా గాలియు నీరును తగిలి, గంధకామ్లము పుట్టును. ఇనుము కరగి వాగులో చేరి, నారింజరంగు బురదగా పేరుకొనును. అట్టి వాగులో చేప బ్రదుకదు. మంచి కంపెనీవాడు అట్టి రాతిని వేరుచేసి, సున్నపురాతిని కలిపి, నీరు చేరనిచోట పూడ్చిపెట్టును. కాని పూడ్చిన గోతిలో భూగర్భజలము మరల నిండి తన మట్టమునకు వచ్చుటకు సంవత్సరములు పట్టవచ్చును. పైన పచ్చిక నిగనిగలాడుచుండగా క్రింద ఆమ్లము ఊరుచుండవచ్చును.

కావున చట్టము తనిఖీదారును నాలుగు సంగతులు తేల్చుమన్నది: మిగిలిన పని యెంత కష్టము? ఇప్పుడు పైనీరు గాని లోనీరు గాని చెడుచున్నదా? ముందు చెడుటకు అవకాశ మున్నదా? దానిని మాన్పుటకెంత వ్యయము? ఇందు మూడవ ప్రశ్న భవిష్యత్తును గూర్చినది. దానికి సమాధానము చెప్పుటకు అతడు వాలు అడుగుభాగములను వెదకుచు నడచును. ఊటలు అచ్చటనే పుట్టును. ఎఱ్ఱని మరక, తెల్లని ఉప్పుపొర, కారణములేక చచ్చిన గడ్డి కనబడినచో ఆగును. నీటిని సీసాలో పట్టి పరీక్షకు పంపును. బావుల పూర్వపు లెక్కలతో పోల్చును. నీటిని శుద్ధిచేయుచుండుట యవసరమై యుండగా పూర్తి విడుదల కలుగదు.

ఇంత జాగ్రత్త యేల? కడపటి విడుదలతో ఆ నేలమీద గనుల శాఖవారి అధికారము ముగియును. మోసము వలన గాని, కుమ్మక్కు వలన గాని, అబద్ధపు వ్రాత వలన గాని విడుదల జరిగినదని తేలినప్పుడే వారు మరల చేయి పెట్టవలసివచ్చును. నిజాయితీగా చేసిన పొరపాటు మాత్రము యజమానుని నెత్తిన, వాగుక్రింది యూరివారి నెత్తిన పడును. మరియొక ప్రక్క, పని సరిగా ముగించిన కంపెనీకి పూచీ విడువకున్నచో దాని సొమ్ము ఊరక బందీయై యుండును. అదియు న్యాయము కాదు. ఈ రెండింటి నడుమ నిలిచి సంతకము చేయువాని పని మేము తేలికయని యనజాలము. సభ కోరనిచో దరఖాస్తు పెట్టిన 60 దినములలో వ్రాతమూలముగా తీర్పు చెప్పవలెను. నిరాకరించినచో కారణమును, సవరించు మార్గమును తెలుపవలెను.

పూచీయే బోలుదైనచో తనిఖీదారుని నేర్పు ఏమి చేయగలదు? 2015 ఆగస్టులో ఆల్ఫా, 2016 జనవరిలో ఆర్చ్, ఏప్రిలులో పీబాడీ అను గొప్ప బొగ్గు కంపెనీలు ఒకదాని వెనుక నొకటి దివాలా రక్షణ కోరెను. వయోమింగులో వీరు తమకు తామే పూచీపడిన మొత్తములు కోట్లకొలది డాలర్లు. ఋణములు తీర్చలేనివాని మాటయే ఋణమునకు పూచీ యగుట ఎట్లని జనులు అడిగిరి. ఆర్చ్, పీబాడీ కంపెనీలు దివాలానుండి బయటపడునప్పుడు ఇతరుల పూచీలను చూపవలసివచ్చెను. 2019లో వయోమింగు రాష్ట్రము స్వంతపూచీ నియమములను బిగించెను.

మన దేశమున ఇట్టి యేర్పాటు ఆలస్యముగా వచ్చినది. తెలంగాణములో 1871లో డాక్టరు విలియం కింగుగారు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనిరి. ఆ గనులే నేటి సింగరేణికి మూలము. బొగ్గు మంత్రిత్వశాఖవారు 2009లో గని మూసివేత ప్రణాళికలను గూర్చి నియమములు జారీచేసి, ఓపెన్‌కాస్టు గనికి హెక్టారునకు 6 లక్షల రూపాయలు, భూగర్భ గనికి 1 లక్ష చొప్పున లెక్కకట్టి, ప్రత్యేకమైన బ్యాంకు ఖాతాలో ఏటేట వేయవలెననిరి. ఆ ఖాతానుండి కంపెనీ తానొక్కతే సొమ్ము తీయజాలదు. బొగ్గు నియంత్రణాధికారి అంగీకారము కావలెను. 2013లో ఆ నియమములను సవరించిరి. అయిదేండ్ల కొకసారి, జరిగిన పనిని పరీక్షించి, ఖాతాలోని సొమ్ములో నూటికి 80 వంతుల వరకు తిరిగి యీయవచ్చునని వాటియందు ఉండెను. అమెరికాలో పూచీ ముందు, త్రవ్వకము తరువాత. ఇచ్చట త్రవ్వుచునే ఏటేట కూడబెట్టుట.

సెలవులలో కొత్తగూడెము, మణుగూరు, రామగుండము వైపు పోవు మా విద్యార్థులు రైలు కిటికీనుండి మట్టికుప్పల గుట్టలను చూచియుందురు. ఈమారు చూచునప్పుడు వాటిపై గడ్డి యున్నదో, చెట్లున్నవో, వాన కోసిన చాళ్ల అడుగున మొక్క మొలచినదో లేదో గమనించి, గుట్ట క్రింది వాగులో నీటి రంగెట్లున్నదో మాకు వ్రాసి పంపగలరు.